గూబ కక్కిన ఉండలు, ఎలుక పళ్ళు: సూళ్ళూరుపేట నుంచి ఎన్నూరు దాకా ఐదు రోజులు

మొదటి రోజు, బుధవారం

సంక్రాంతి అయిపోయిన వారం, పొద్దున్నే సూళ్ళూరుపేటలో మద్రాసు లోకల్ ఎక్కాను. ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా, అందులో గుడ్లగూబ కక్కిన ఉండలు 31. మా ఊరి పక్కన మూసేసిన రైస్ మిల్లు ఒకటుంది, దాని దూలాల మీద తెల్లముఖం గూబలు జంటగా ఉంటాయి, అవి రాత్రిళ్ళు పొలాల్లో ఎలుకల్ని పట్టి చిన్నవైతే అట్నే మింగేసి, అరగని బొచ్చూ ఎముకలూ కలిపి బొటనవేలంత ఉండ చేసి పొద్దునకల్లా కక్కేస్తాయి. ఆ ఉండని నీళ్ళల్లో నానేసి విప్పితే లోపల ఎలుక పుర్రె, దవడలు, పళ్ళతో సహా దొరుకుతాయి. ఒక్క ప్రాణిని కూడా చంపకుండా ఒక ఊరి ఎలుకల లెక్కంతా చేతికొచ్చినట్టే కదా, అందుకే నాకీ పని ఇష్టం.

నేను వెతికేది ఎలుక తల్లో కుడి ఎడమల తేడా. కుడివైపు దవడకీ ఎడమవైపు దవడకీ జన్యువులు ఒకటే, పెరిగిన కడుపు ఒకటే, తాగిన పాలు ఒకటే, అయినా రెండూ అచ్చు గుద్దినట్టు రావు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒక ఎలుకలో కుడి పెద్దది, ఇంకోదాంట్లో ఎడమ పెద్దది, వందల ఎలుకల్ని చూస్తే సగటు సున్నా దగ్గరికే వస్తుంది. దీన్ని ఫ్లక్చుయేటింగ్ అసిమెట్రీ అంటారు, 1962లో లీ వాన్ వేలెన్ అనే ఆయన దీని మీద రాసిన పేపర్ తర్వాతే అందరూ సీరియస్‌గా పట్టించుకున్నారు. పిండం ఎదిగేటప్పుడు చిన్న చిన్న ఒడిదుడుకులు వస్తూనే ఉంటాయి, వాటిని సర్దుకుని అనుకున్న రూపానికి వచ్చే శక్తిని డెవలప్‌మెంటల్ స్టెబిలిటీ అంటారు, నా మటుకు నేను దాన్ని "కుదురు" అంటాను, మన పెద్దవాళ్ళు బిడ్డ కుదురుగా పెరుగుతోంది అంటారే, అదే. తల్లికి తిండి చాలకపోయినా, ఎండదెబ్బ తగిలినా, విషం ఒంట్లోకి పోయినా ఆ కుదురు తప్పి కుడి ఎడమల తేడా పెరగొచ్చు అన్నది ఈ శాస్త్రం మొత్తానికీ మూలం.

ఈ రైలు దారి చూస్తే నాకు ఎప్పుడూ అదే అనిపిస్తుంది, ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎవరు కట్టగలరు అని. తడ దాటేదాకా వరి, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి దగ్గర షెడ్లు మొదలు, పొన్నేరి చుట్టూ మళ్ళీ వరి, మీంజూరు దాటాక అత్తిపట్టు దగ్గర థర్మల్ ప్లాంట్ల పొగ గొట్టాలు, తర్వాత ఎన్నూరు వాగు, తిరువొత్తియూరు, కొరుక్కుపేట. ఎనభై కిలోమీటర్లలో పొలం ఎలుక కాస్తా బూడిద పక్క ఎలుక, ఆ తర్వాత చెత్తకుప్ప ఎలుక అయిపోతుంది. వానలు ఒకటే, ఎత్తు ఇంచుమించు ఒకటే, ఉప్పుగాలి ఒకటే, మారేది మనుషులు చేసిందే. అందుకే ఈ దారి వెంట మూడు చోట్ల గూబ ఉండలు ఏరి పోల్చి చూడాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా, కాలేజీ పాఠాలు, పేపర్లు దిద్దడం మధ్యలో ఇప్పటికి కుదిరింది.

కొరుక్కుపేటలో పెద్దమ్మ వాళ్ళింటికి చేరేసరికి పదకొండు. డబ్బా చూసి "ఏమే, నాకోసం ఏం తెచ్చినావు" అంది, మూత తీయబోయింది, నేను ఆపి చెప్పాను. పెద్దమ్మ ముఖం మారిపోయింది. గూబ ఇంటి మీద వాలితేనే శాంతి చేయించే మనిషి, అది కక్కింది ఇంట్లో పెట్టమంటే ఎట్లా? "డాబా మీద పెట్టుకో తల్లీ, వంటింటి గడప మాత్రం దాటించొద్దు" అని ఒప్పుకుంది. ఆమె మాటలో ఇంకో న్యాయం కూడా ఉంది, ఎలుకల వల్ల వచ్చే జబ్బులు ఊరికే పోయేవి కావు, ఈ ఉండలు ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, ఎండలో బాగా ఎండబెట్టి నానబెట్టాలి.

రెండో రోజు, గురువారం

ఎగ్మూరు మ్యూజియంకి శుక్రవారం సెలవు, అందుకని ఈరోజే పోయి వచ్చాను. నాకు అక్కడ చూడాల్సింది అమరావతి శిల్పాలు, ఎలుకల కోసం వచ్చిన మనిషికి ఆ రాళ్ళతో ఏం పని అంటారేమో, పని ఉంది. 1845లో అమరావతిలో తవ్వించి అక్కడి సున్నపురాతి శిల్పాల్ని మద్రాసు చేర్పించిన వాల్టర్ ఇలియట్ దొరే, అంతకు ముందు ధార్వాడ వైపు పనిచేసేటప్పుడు దక్షిణాది ఎలుకల్ని పట్టించి లండన్‌కి పంపాడు. 1837లో గ్రే అనే ఆయన వాటికి పేర్లు పెట్టాడు, అందులో ఒకటి ఇలియట్ పేరుతోనే ఉంది, ఇంకోటి మెల్టాడా, మన పొలాల్లో ఉండే మెత్తబొచ్చు ఎలుక. ఇలియట్ ఎలుకల పేర్లు అడిగింది వాటిని తవ్వి పట్టే వడ్డెర్లనీ అట్లాంటి వాళ్ళనీ. ఆ శాస్త్రీయ నామం వెనక మన మట్టి తవ్వే మనుషుల మాట ఉందని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంగ్లీషు వాళ్ళ బాండికూట్ అన్న మాట కూడా మన పందికొక్కే. అదే పేరు పట్టుకుపోయి ఆస్ట్రేలియాలో ఎలుక జాతికే చెందని, కడుపు సంచి ఉన్న వేరే జంతువుకి పెట్టేశారు. మద్రాసు వీధుల్లో రాత్రి కాలవ పక్కన కనపడే రెండు రకాల్లో పెద్దది అసలు పందికొక్కు, చిన్నది బొరియ బయట గుల్లమట్టి పోగు పోసి లోపల వడ్లు దాచేది, దాని శాస్త్రీయ నామంలో బెంగాల్ ఉంటుంది గానీ మన పొలాల్ని సగం తినేది అదే. 1960ల్లో కలకత్తా ధాన్యం గోడౌన్లలో దాని మీద పెద్ద పరిశోధన జరిగింది, పొలం జంతువు నగరంలో గోడౌన్ జంతువుగా ఎట్లా స్థిరపడిందో అక్కడ బాగా తెలిసింది. మ్యూజియం రాళ్ళ ముందు కూర్చుని నేను ఆలోచించింది దీన్నే, పొలం నుంచి ఊళ్ళోకి వచ్చిన కొక్కుకి తిండి పెరిగింది, పాములు తగ్గాయి, మరి దాని పిల్లల కుదురు పెరిగిందా తగ్గిందా?

మూడో రోజు, శుక్రవారం

ఈ రోజే అసలు పని. కొడుంగయ్యూరు చెత్త డంపుకి కొంచెం దూరంలో ఒక పాత వాటర్ ట్యాంక్, వాడకంలో లేదు, దాని కింద గూబలు ఉంటాయని పెద్దమ్మ కొడుకు (నాకు అన్న, పోర్టులో పని) కనుక్కుని పెట్టాడు. వాచ్‌మన్ తాతది నెల్లూరు జిల్లానే అని మాటల్లో తెలిసింది. "పిట్ట పెంట ఏరుకోవడానికి సూళ్ళూరుపేట నుంచి వచ్చినావా పాపా, ఏరుకో ఏరుకో" అని చీపురు కూడా ఇచ్చాడు. చీపురుతో ఊడవకూడదు తాతా, ఏ మూల ఏది పడిందో కూడా కావాలి అని ఒక్కోటీ చిమటాతో తీసి కవర్లో వేసి తారీకు రాసుకున్నాను. డంపు వైపు నుంచి గాలి వస్తే కాసేపు ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది, అక్కడ బతికే మనుషులు రోజూ ఎట్లా పీలుస్తున్నారో. 19 ఉండలు దొరికాయి.

మధ్యాహ్నం డాబా మీద పాత ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, కాస్త డెటాల్. మా ఊరి పాత ఉండలు ముందు నానేశాను, కొత్తవి రెండు రోజులు ఎండాలి. అరగంటకి ఉండ మెత్తబడి బొచ్చు నీళ్ళల్లోకి పొగలాగా విడిపోతుంది, సూదితో నెమ్మదిగా లాగితే ముందు వెన్నుపూసలు ఆవగింజల్లాగా రాలతాయి, తర్వాత పుర్రె. ఎలుక పుర్రెకి ముందర రెండు నారింజ రంగు ఉలిపళ్ళు, వాటి వెనక ఖాళీ, ఆ ఖాళీ తర్వాత పక్కకి మూడేసి దవడ పళ్ళు, మొత్తం నోట్లో 16 పళ్ళే. ఖాళీ లేకుండా ముందు నుంచి వెనక దాకా సూదుల్లాంటి పళ్ళు వరసగా ఉంటే అది చుంచెలుక, అది ఎలుకే కాదు, పక్కన పెట్టేయాలి. పై ఉలిపంటికి లోపలివైపు చిన్న గాటు మెట్టులాగా ఉంటే ఇంట్లో చిట్టెలుక. మా ఊరి ఉండల్లో ఎక్కువ పొలం చిట్టెలుకే వచ్చింది, దాని శాస్త్రీయ నామంలో బూడుగ అని ఉంటుంది, మొత్తం కింది దవడ పదకొండు మిల్లీమీటర్ల లోపు.

ఇక్కడే నా ప్లాన్‌లో ఒక పెద్ద తప్పు బయటపడింది. నేను కింది దవడలు కొలుద్దామని వచ్చాను, అందరూ వాడేది అదే. కానీ ఎలుక కింది దవడ రెండు ముక్కలు, గడ్డం దగ్గర అతుక్కుని ఉంటాయంతే, గూబ కడుపులో అవి విడిపోతాయి. ఒక్క ఉండలో మూడు ఎలుకలు ఉంటే మూడు కుడి ముక్కలు, మూడు ఎడమ ముక్కలు, ఏది దేని జతో ఎవరు చెప్పాలి? సైజుని బట్టి జత కడదామంటే, సైజు తేడానే కదా నేను కొలవాల్సింది, ఒకేలా ఉన్నవాటిని జత చేసి తేడా లేదని చెప్పడం అవుతుంది. గంటసేపు తల పట్టుకుని కూర్చున్నా. తర్వాత పుర్రె తిప్పి చూసినప్పుడు తట్టింది, పై దవడ ఒకే ఎముకల గూడు, కుడి ఎడమ పళ్ళ వరసలు రెండూ దాంట్లోనే కూర్చుని ఉంటాయి, గూబ పుర్రె వెనకభాగం పగలగొట్టినా ముందుభాగం చాలాసార్లు నిలిచి ఉంటుంది. జత అదే కట్టి ఇచ్చింది. కింది దవడలన్నీ కవర్లో కట్టి పెట్టేశాను.

పళ్ళు ఎంచుకోవడంలో ఇంకో లాభం ఉంది. ఎముక జీవితాంతం నమలడాన్ని బట్టి మారుతూ ఉంటుంది, ఒక పక్కతోనే నమిలే ఎలుకకి ఆ పక్క ఎముక గట్టిపడుతుంది. దవడ పన్ను మాత్రం ఒకసారి ఎనామిల్ కట్టిందంటే అరగడమే గానీ మళ్ళీ పెరగదు, కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగే రోజుల్లో ఏం జరిగిందో అదే అందులో నిలిచిపోతుంది. చిట్టెలుక గర్భం మూడు వారాలు, అంటే మొదటి దవడ పన్ను చెప్పేది దాదాపు ఆ గర్భం రెండో సగమూ పుట్టిన తర్వాత కొన్ని రోజుల కథే. మూడో పన్ను అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది, ఎక్కువగా మారేది కూడా అదే.

నాలుగో రోజు, శనివారం

తెలిసిన మేడమ్ ఒకావిడ తన కాలేజీలో మైక్రోస్కోప్ వాడుకోనిచ్చారు. ముందు నా దగ్గరున్న డిజిటల్ కాలిపర్ అనే కొలత పరికరంతో ప్రయత్నించాను. ఒకే పుర్రె, ఒకే కుడివైపు పళ్ళ వరస, మూడుసార్లు పెట్టి తీస్తే 3.21, 3.24, 3.19. ఎడమవైపు 3.22, 3.18, 3.23. అంటే నా చేతి వణుకే తేడాకన్నా పెద్దది. కుడి ఎడమల తేడా సాధారణంగా ఆ భాగం సైజులో ఒక శాతం చుట్టూనే ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల వరసకి అది 0.03 మిల్లీమీటర్లు, కాలిపర్ పొరపాటు కూడా అంతే. ఈ శాస్త్రంలో చాలామంది బోర్లా పడింది ఇక్కడే. రిచర్డ్ పామర్, కర్టిస్ స్ట్రోబెక్ 1986లోనే మొత్తుకున్నారు, ప్రతిదీ కనీసం రెండుసార్లు కొలవండి, కొలత పొరపాటు ఎంతో విడిగా తేల్చండి, ఆ తర్వాతే తేడా గురించి మాట్లాడండి అని. ఇది నేను మా పిల్లలకి బోర్డు మీద రాయించే మాట.

అందుకని కాలిపర్ పక్కన పెట్టి మైక్రోస్కోప్ కింద ఫోటోలు తీసి స్క్రీన్ మీద చుక్కలు పెట్టి కొలిచాను. పుర్రెని కొంచెం వంచి పెడితే ఒకవైపు పొట్టిగా కనపడుతుంది, అందుకని ప్రతి ఫోటోకీ పుర్రెని తీసి మళ్ళీ బంకమట్టి మీద కొత్తగా కూర్చోబెట్టాలి, లేకపోతే ఒకే వంపు రెండుసార్లు కొలిచినట్టు అవుతుంది. ఒక్కో పుర్రెకి పావుగంట. సాయంత్రానికి 14 అయ్యాయి. మెడ పట్టేసింది గానీ, మొదటి పన్ను మీద గుబురు గుబురుగా ఉండే ఆ శిఖరాలు వెలుగులో మెరుస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను.

రాత్రి ఇంటికొచ్చాక ఒక భయం పట్టుకుంది. ఏ పుర్రె మా ఊరిదో నాకు తెలుసు, డంపు దగ్గరివి కొలిచేటప్పుడు కూడా తెలిసే ఉంటుంది. డంపు ఎలుకల్లో తేడా ఎక్కువ రావాలని నా మనసులో ఎక్కడో ఉంది, చుక్క పెట్టేటప్పుడు చెయ్యి అటు జరిగినా నాకు తెలియదు. అన్న కొడుకు ఎనిమిదో తరగతి, వాణ్ణి కూర్చోబెట్టి విషయం చెప్పాను, "అయితే అత్తా, నేను అన్నిటికీ వేరే నంబర్లు వేస్తా, లిస్టు నా దగ్గర పెట్టుకుంటా, నువ్వడిగినా ఇవ్వను" అన్నాడు. శుక్రవారం తెచ్చిన ఉండల్లో బాగా ఎండినవి కొన్ని అప్పుడే విప్పి, ఇద్దరం గ్లౌజులు వేసుకుని డాబా మీద బల్బు కింద కూర్చున్నాం, వాడు పాత డబ్బాల్లోవీ కొత్తవీ కలిపేసి చిన్న జిప్ కవర్లకి మార్చాడు, లిస్టు నాలుగు మడతలు పెట్టి కవర్లో పెట్టి జిగురు రాశాడు. ఈరోజు కొలిచిన 14 కూడా మళ్ళీ మొదటి నుంచి కొలవాలి. కొలుస్తాను.

పడుకునే ముందు వాడు అడిగాడు, "చెత్త దగ్గరుండే ఎలుకలకి తేడా ఎక్కువ ఉంటే చెత్త వల్లే అని తెలిసిపోతుందా అత్తా?" తెలియదురా, అదే కష్టం. చెర్నోబిల్‌లో 1986 ప్రమాదం తర్వాత రేడియేషన్ బాగా ఉన్నచోట పట్టిన పసుపుమెడ ఎలుకల పుర్రెల్లో తేడా ఎక్కువగా కనపడిందని 2004లో ఒక పేపర్ వచ్చింది. ప్రయోగశాలలో 1970ల్లో ఎలుకల్ని చలిలో, చప్పుడులో, వేడిలో పెట్టి చూస్తే కూడా ఎముకల్లో తేడాలు పెరిగాయి. కానీ అదే వేడి మీద పని చేసినవాళ్ళు ఇంకో మాట కూడా లేవనెత్తారు, బాగా చెడిపోయిన పిండాలు కడుపులోనే పోతాయి, పుట్టినవాటిని మాత్రమే కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనపడొచ్చు. అంటే మరీ ఘోరమైన చోట తేడా తక్కువ వచ్చినా ఆశ్చర్యపడకూడదు. దానికి తోడు గూబ నెమ్మదిగా కదిలే ఎలుకనే ముందు పడుతుందేమో, నా చేతికొచ్చేది గూబ ఏరిన సాంపిలే కదా. ఇవన్నీ వాడికి చెప్పాను, చీకట్లో చాలాసేపు మాట్లాడకుండా ఉండి "పుట్టనివాటిని ఎట్లా కొలవాలి" అన్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు!

ఐదో రోజు, ఆదివారం

ఎన్నూరు. అన్న బండి మీద తీసుకెళ్ళాడు. మూడో చోటు ఇక్కడే దొరకాలి, థర్మల్ ప్లాంట్ల బూడిద నీళ్ళు కోసస్థలైయారు వాగులోకి చేరి ఎన్నో ఏళ్ళుగా ఒండ్రు మీద తెల్లగా పేరుకుపోయి ఉంది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల్లో చమురు కూడా వచ్చి వాగంతా పరుచుకుంది, చేపలు పట్టేవాళ్ళ పడవలూ వలలూ నల్లబడిపోయాయి. అక్కడ ఒక అవ్వ ఒడ్డున రొయ్యలు ఏరుతోంది, చేతులతో తడిమి ఏరుతుంది, ఆ బూడిద బురదలోనే నడుం దాకా దిగి.

ఒడ్డున బురదలో చిన్న ఎండ్రకాయలు, మగదానికి ఒక డెక్క దాని ఒంటి కన్నా పెద్దది, అటూ ఇటూ ఊపుతుంది. ఒకదానికి కుడివైపు పెద్దది, పక్కదానికి ఎడమవైపు. అన్నకి చూపించి చెప్పాను, చూడు, ఇది కూడా కుడి ఎడమల తేడానే, కానీ ఇది కుదురు తప్పడం కాదు, దాని జాతి పద్ధతే అది. మన గుండె ఎడమకి ఒరగడం ఇంకో రకం, అది దాదాపు అందరికీ ఒకే వైపు. నేను వెతికేది ఈ రెండూ కాదు, ఏ పద్ధతీ లేని తేడా. అన్న కాసేపు ఎండ్రకాయల్ని చూసి "అంటే పద్ధతి లేకపోవడమే నీకు కావాల్సింది" అన్నాడు. అదే.

ఇంకో సంగతి కూడా ఇక్కడ నిలబడితే బాగా అర్థమవుతుంది. ఒకపక్క వాగు, ఒకపక్క బకింగ్‌హామ్ కాలవ, ఒకపక్క రైలు కట్ట, ఒకపక్క లారీల రోడ్డు, మధ్యలో ఇరుక్కున్న ముక్కలో ఎలుకలు తరతరాలుగా తమలో తామే కలుస్తుంటే రక్తం దగ్గరైపోతుంది, దాని వల్ల కూడా కుదురు తగ్గొచ్చు. డెన్మార్క్‌లో రెండు రకాల ఇంటి చిట్టెలుకలు కలిసే సరిహద్దు ఉంది, అక్కడ రెండూ కలిసి పుట్టిన సంకరం ఎలుకల పళ్ళలో కుడి ఎడమల తేడా తక్కువని 1990ల్లో చూపించారు. దూరపు రక్తం కలిస్తే కుదురు పెరిగిందన్నమాట. మరి ఎన్నూరు ఎలుకలో తేడా ఎక్కువ వస్తే అది బూడిద వల్లా, కాలవ వల్లా? పళ్ళు ఒక్కటే చూసి చెప్పలేను, కాలవకి అవతలి ఒడ్డు ఎలుకల్ని కూడా చూడాలి, అక్కడా అదే బూడిద గాలి ఉండి తేడా లేకపోతే అప్పుడు కాలవ మీద అనుమానం. అందుకని ఈసారి అవతలి ఒడ్డున కూడా చోటు వెతికాం. పాత ఉప్పు గోడౌన్ గోడ కింద తెల్లగా రెట్టలు, వాటి కింద ఎనిమిది ఉండలు, ఇంకా తడిగా. ఇవతలి ఒడ్డున మూడే.

సాయంత్రం బండికి పెద్దమ్మ స్టేషన్ దాకా వచ్చింది, పులిహోర ఇంకో స్టీలు డబ్బాలో పెట్టి పైన ఎర్ర రిబ్బన్ కట్టింది, ఏ డబ్బా ఏదో పొరపాటు పడకూడదని. అత్తిపట్టు దగ్గర చీకటి పడింది, పొగ గొట్టాల మీద ఎర్ర లైట్లు వెలిగాయి. పొన్నేరి దాటాక పొలాల్లో కోత అయిన చోట గడ్డి కాలుతున్న వాసన, ఇంక ఈ నెలరోజులు కొక్కులు బొరియల్లో వడ్లు దాచుకుంటాయి, గూబలకి పండగ. రెండో విడత ఉండల కోసం మిల్లు దగ్గరికి ఫిబ్రవరి చివర్లో పోవాలి. ఒక్కో చోటికి కనీసం యాభై పుర్రెలు లేకుండా ఒక్క మాట కూడా చెప్పకూడదని నాకు నేనే పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే అన్న కొడుకు ఫోన్‌లో ఫోటో పంపాడు, జిగురు పెట్టిన కవరు, దాని మీద స్కెచ్ పెన్‌తో "అత్త అడిగినా ఇవ్వకూడదు" అని రాసి సంతకం పెట్టాడు.